గాయకుడు నిలవని బృందం: క్యాండిల్‌మాస్ నలభై ఏళ్లు
‘మంద్రస్థాయి’ ధారావాహిక – 5వ భాగం

1986లో మెటల్ సంగీతమంతా పరుగు పందెంలో ఉంది. మార్చిలో మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ తెచ్చింది. అక్టోబరులో స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’తో వచ్చి పది పాటల్ని అరగంటలోపే ముగించింది. ఎంత వేగంగా వాయిస్తే అంత మొనగాళ్లు అన్న రోజులవి. ఆ రెండింటి మధ్య, జూన్ నెలలో, స్వీడన్ కుర్రాళ్లు చేసిన ఒక రికార్డు ఫ్రాన్స్‌లోని బ్లాక్ డ్రాగన్ అనే చిన్న సంస్థ నుంచి విడుదలైంది. ఆరే పాటలు, దాదాపు 43 నిమిషాలు. డ్రమ్ము మీద ఒక దెబ్బ పడ్డాక రెండో దెబ్బ కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూడాల్సినంత నెమ్మది. దాని పేరు ‘ఎపికస్ డూమికస్ మెటాలికస్’. చేసిన బృందం క్యాండిల్‌మాస్.

రికార్డు అమ్ముడుపోలేదు. ఏడాది తిరగకుండానే కంపెనీ బృందాన్ని వదిలించుకుంది. అప్పటికి ఆ బృందానికి సొంత గాయకుడు కూడా లేడు. రికార్డు మీద వినిపించే గొంతు ఆ రికార్డింగు కోసం మాత్రమే పిలిపించుకున్న జోహన్ లెంగ్‌క్విస్ట్‌ది. పాడాడు, వెళ్లిపోయాడు. బృందంలో చేరలేదు.

డూమ్ మెటల్ అనే శాఖలో ‘ఎపిక్ డూమ్’ అనే కొమ్మ ఈ రికార్డు నుంచే పుట్టిందని ఇవాళ ఆ సంగీతం వినేవాళ్లంతా ఒప్పుకుంటారు. క్యాండిల్‌మాస్ చరిత్రలో కనిపించే తగాదాలూ, విడిపోవడాలూ, మళ్లీ కలవడాలూ చాలావరకు ఈ తొలి లోటు చుట్టూ తిరిగినవే. పాటలు రాసే మనిషి ఒకడు, పాడేవాడు మరొకడు. రాసేవాడు నలభై ఏళ్లుగా మారలేదు. పాడేవాళ్లు మారుతూనే వచ్చారు.

గత భాగాల్లో బర్మింగ్‌హామ్ చూశాం. రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ, తీగల బిగువు తగ్గించి గిటారు శ్రుతిని కిందికి దించిన తీరు చూశాం. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌లో మొదటి పాటకు ఆధారం మూడే స్వరాలు: షడ్జం, పై షడ్జం, ప్రతి మధ్యమం. సంగీతం నేర్చుకున్న మన పిల్లలకు ఆ ప్రతి మధ్యమం కొత్తేమీ కాదు. కల్యాణిలో ఉన్నదీ అదే, శుభపంతువరాళిలో ఉన్నదీ అదే. ఒకచోట మంగళంగా, మరోచోట శోకంగా వినిపిస్తుంది. కాబట్టి సబాత్ పాటలోని భయం ఒక్క స్వరంలోనే లేదు. దాన్ని ఎంతసేపు నిలబెట్టారు, ఎంత కింది స్థాయిలో మోగించారు, తర్వాతి స్వరానికి ఎంత ఆలస్యంగా వచ్చారు అన్నదాంట్లో ఉంది. డూమ్ మెటల్ వ్యాకరణమంతా దాదాపు ఇదే. విళంబ కాలం, మంద్ర స్థాయి, బరువు. దీన్ని బర్మింగ్‌హామ్ నుంచి ఉత్తరానికి మోసుకెళ్లినవాడు క్యాండిల్‌మాస్ పాటలు రాసే లీఫ్ ఎడ్లింగ్.

సైబరాబాద్ నుంచి ఆన్‌సైట్ మీద స్టాక్‌హోమ్ వెళ్లొచ్చిన వాళ్లు మియాపూర్, చందానగర్ అపార్ట్‌మెంట్లలో చాలామందే ఉంటారు. ఎరిక్సన్ ప్రధాన కార్యాలయం ఉన్న కిస్టా వాళ్లకు బాగా తెలుసు. ఆర్లాండా విమానాశ్రయం నుంచి నగరంలోకి వచ్చే లోకల్ రైలు దారిలో ఉప్‌లాండ్స్ వేస్బీ అని ఒక శివారు పట్టణం తగులుతుంది. ఎడ్లింగ్ అక్కడివాడు. ‘ద ఫైనల్ కౌంట్‌డౌన్’ పాటతో ప్రపంచాన్ని ఊపేసిన యూరప్ బృందానిదీ అదే ఊరు. ఆ పాట వచ్చింది కూడా 1986లోనే. ఒకే ఊరి కుర్రాళ్లు, ఒకే సంవత్సరం. ఒక బృందం పాట దేశదేశాల్లో మొదటి స్థానం పట్టింది. రెండో బృందానికి రికార్డు కంపెనీ కూడా మిగల్లేదు.

ఎడ్లింగ్ 1963 ఆగస్టులో పుట్టాడు. వాయించేది బేస్ గిటారు. 1982లో నెమెసిస్ అని ఒక బృందం పెట్టి, అందులో బేస్ వాయిస్తూ తనే పాడేవాడు. 1984లో ఒక చిన్న రికార్డు తెచ్చాక ఆ బృందం చెదిరిపోయింది. అదే ఏడాది క్యాండిల్‌మాస్ మొదలైంది. ఈ దశలో ఎడ్లింగ్ తీసుకున్న నిర్ణయాన్ని చాలామంది చూసీచూడనట్టు దాటేస్తారు. తను రాస్తున్న పాటలకు తన గొంతు చాలదని ఇరవై రెండేళ్ల వయసులోనే తెలుసుకుని మైకు ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు. సొంత బృందంలో, సొంత పాటలకు, ఆ వయసులో అలా తప్పుకోవడం తేలికైన పనేమీ కాదు.

తొలి ఆల్బమ్‌లో మొదటి పాట ‘సాలిట్యూడ్’. గిటారు తీగలు ఒక్కొక్కటిగా మెత్తగా మోగుతుంటే లెంగ్‌క్విస్ట్ గొంతు దాదాపు ఏకాంత ప్రార్థనలా మొదలవుతుంది. కాసేపటికి గిటార్లన్నీ ఒకేసారి మీద పడతాయి, కానీ వేగం మాత్రం పెరగదు. బతుకు మీద ఆశ వదులుకున్న ఒంటరి మనిషి పాట అది. లెంగ్‌క్విస్ట్ అందులో ఎక్కడా ఏడవడు, అరవడు. స్వరాన్ని నిలబెట్టి బరువంతా దాని మీద మోస్తాడు. చివరి పాట ‘ఎ సార్సరర్స్ ప్లెడ్జ్’ ఎనిమిది నిమిషాలు దాటుతుంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఆ పాట పెట్టుకుంటే జేఎన్‌టీయూ, కేపీహెచ్‌బీ, కూకట్‌పల్లి స్టేషన్లు వెళ్లిపోయినా ఇంకా మోగుతూనే ఉంటుంది.

1987లో గాయకుడి స్థానం భర్తీ అయింది. వచ్చినవాడు మెసయ్య మార్కొలిన్. అంతకుముందు మెర్సీ అనే బృందంలో పాడేవాడు. భారీ విగ్రహం, తల చుట్టూ గుబురుగా లేచిన ఉంగరాల జుట్టు, ఒంటి మీద క్రైస్తవ సన్యాసులు వేసుకునే పొడవాటి అంగీ. గొంతు విప్పితే ఒపెరా మందిరంలో కూర్చున్నట్టు గమకంతో కదిలే నాదం. వేదిక మీద నిలబడి పాడి ఊరుకునేవాడు కాదు. నెమ్మదైన లయకు ఊగుతూ ఒక నాట్యమే కనిపెట్టాడు, దానికి అభిమానులు డూమ్ డ్యాన్స్ అని పేరు పెట్టుకున్నారు. అతనితో పాటు లీడ్ గిటారుకు లార్స్ జోహాన్సన్, డ్రమ్స్‌కు యాన్ లిండ్ వచ్చారు. రిథమ్ గిటారుకు మాట్స్ బ్యోర్క్‌మన్ తొలి ఆల్బమ్ నుంచీ ఉన్నాడు. క్యాండిల్‌మాస్ అనగానే చాలామందికి గుర్తొచ్చే అయిదుగురు వీళ్లే.

ఆ ఏడాది చివర్లో వచ్చిన ‘నైట్‌ఫాల్’ బృందం జాతకం మార్చింది. అట్ట మీద అమెరికన్ చిత్రకారుడు థామస్ కోల్ 19వ శతాబ్దంలో గీసిన ‘వాయేజ్ ఆఫ్ లైఫ్’ వరుసలోని వృద్ధాప్యం చిత్రం వేశారు. చీకటి నీళ్ల మీద పడవ, అందులో ముసలివాడు, మబ్బులు చీల్చుకుని దిగుతున్న వెలుగు. లోపల షోపాన్ శవయాత్ర సంగీతాన్ని గిటార్ల మీద వాయించారు. అప్పటిదాకా మెటల్ రికార్డుల అట్టల మీద పుర్రెలూ, గొడ్డళ్లూ చూసి చూసి ఉన్న కుర్రాళ్లకు ఇది వేరే లోకం. మరుసటి ఏడాది ‘ఏన్షెంట్ డ్రీమ్స్’ అట్టకు కూడా కోల్ బొమ్మే వాడారు, ఈసారి యౌవనం.

‘నైట్‌ఫాల్’లోని ‘బివిచ్డ్’ పాటకు తీసిన వీడియోలో మార్కొలిన్ ముందు నడుస్తుంటే కుర్రకారు వెనకే ఊగుతూ వస్తుంది. ఆ గుంపులో ఒక సన్నటి కుర్రాడి పేరు పెర్ ఇంగ్వే ఓలిన్. తర్వాత నార్వేకు వెళ్లి మేహెమ్ బృందంలో ‘డెడ్’ అన్న పేరుతో పాడి, బ్లాక్ మెటల్‌కు రూపురేఖలు దిద్దినవాళ్లలో ఒకడయ్యాడు. 1991లో ఇరవై రెండేళ్లకే పోయాడు. ఉత్తర ఐరోపా మెటల్‌లో రెండు విరుద్ధమైన ధోరణులు ఒకే వీడియోలో తారసపడటం చూస్తే, స్టాక్‌హోమ్‌లో ఈ సంగీత లోకం ఎంత చిన్నదో తెలుస్తుంది.

మన పద్యనాటకాలు చూసినవాళ్లకు క్యాండిల్‌మాస్ ఏర్పాటు సులభంగా అర్థమవుతుంది. పీసపాటి, షణ్ముఖి, ఈలపాట రఘురామయ్య పేర్లు పోస్టరు మీద కనిపిస్తే ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని కదిలేవి. ఒకే రాత్రి, ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఇద్దరు ముగ్గురు వేషం కట్టేవారు. పద్యం తిరుపతి వెంకట కవులదే, రాగం మాత్రం ఎవరిది వాళ్లదే. జనం ఎక్కువగా చర్చించుకున్నది కవిని గురించి కాదు, ఫలానా కృష్ణుడు ఆ పద్యాన్ని ఎలా ఎత్తుకున్నాడన్నదే. ఎడ్లింగ్ పాటలకూ ఇదే జరిగింది. రాసింది అతనే అయినా జనానికి కనిపించిన కృష్ణుడు మార్కొలిన్.

1989లో ‘టేల్స్ ఆఫ్ క్రియేషన్’, 1990లో స్టాక్‌హోమ్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ వచ్చాయి. 1991లో మార్కొలిన్ వెళ్లిపోయాడు. ఇద్దరు బలమైన మనుషులు ఒక గదిలో ఎక్కువకాలం ఇమడలేకపోయారు. దానికి తోడు కాలం కూడా ఎదురు తిరిగింది. స్టాక్‌హోమ్ కుర్రాళ్లు అప్పటికే ఎన్‌టూమ్డ్ లాంటి బృందాల వెంట డెత్ మెటల్ వైపు వెళ్లిపోయారు. ఇంగ్లండ్‌లో ప్యారడైజ్ లాస్ట్, మై డయింగ్ బ్రైడ్ నెమ్మదైన డూమ్‌కు డెత్ మెటల్ గర్జన కలిపి కొత్త దారి తీశాయి. ఒపెరా గొంతుతో నిలబెట్టి పాడే పద్ధతి ఒక్కసారిగా పాతబడినట్టయింది.

ఆ సమయంలో వచ్చిన థామస్ విక్‌స్ట్రమ్‌కు జరిగింది అన్యాయమే. తండ్రి ఒపెరా గాయకుడు, కొడుకు గొంతు ఎత్తు, స్పష్టత ఉన్న గొంతు. 1992లో అతనితో చేసిన ‘చాప్టర్ సిక్స్’లో మంచి పాటలున్నాయి. కానీ సన్యాసి అంగీ కోసం వచ్చిన జనానికి అంగీ లేని మనిషి కనిపించాడు, అంతే. రికార్డు అమ్మకాలు పడిపోయాయి. 1994లో బృందం మూతపడింది. విక్‌స్ట్రమ్ చాలా ఏళ్ల తర్వాత థెరియన్ బృందంలో తన గొంతుకు తగిన చోటు చూసుకున్నాడు. ఇవాళ ‘చాప్టర్ సిక్స్’ను మళ్లీ వింటే, పక్కన పెట్టదగిన ఆల్బమ్ కాదని మొదటి పాటకే తెలిసిపోతుంది.

ఎడ్లింగ్ ఊరికే కూర్చోలేదు. అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా అని కొత్త బృందం పెట్టాడు. దానికి పాడింది మాట్స్ లెవేన్. ఈ పేరు గుర్తుంచుకోవాలి, కథలో మళ్లీ వస్తుంది. 1995లో ఒక ఆల్బమ్ చేశాక అది కూడా నిలవలేదు. దాని రెండో ఆల్బమ్‌కు సిద్ధం చేసుకున్న సరుకే 1998లో క్యాండిల్‌మాస్ పేరుతో ‘డాక్టిలిస్ గ్లొమెరాటా’గా బయటికొచ్చింది. పాడింది బ్యోర్న్ ఫ్లోడ్‌క్విస్ట్, గిటారు మీద ఆర్చ్ ఎనిమీ స్థాపకుడు మైకెల్ ఆమట్. 1999లో ఇంకొకటి. పేరు పాతదే గానీ, ఎడ్లింగ్ తప్ప పాతవాళ్లెవరూ లేరు. బృందం మళ్లీ ఆగిపోయింది.

2002లో ఆ అయిదుగురూ మళ్లీ ఒకే వేదిక ఎక్కారు. మార్కొలిన్ అంగీ వేసుకున్నాడు, జనం ఊగిపోయారు. కానీ పాత పాటలు పాడినంత తేలిక కాదు కొత్తవి చేయడం. 2004లో మరోసారి విడిపోయామన్నారు, కొన్నాళ్లకే కాదు కలిశామన్నారు. 2005లో బృందం పేరునే ఆల్బమ్ పేరుగా పెట్టి ఒక రికార్డు తెచ్చారు. ఆ అయిదుగురూ ఏళ్ల విరామం తర్వాత చేసిన పనిలా ఉండదు అది. గిటార్లలో ఆకలి ఉంది, మార్కొలిన్ గొంతులో వయసు తెచ్చిన గరుకుదనం ఉంది. మరుసటి ఏడాది తర్వాతి ఆల్బమ్ పని నడుస్తుండగానే మార్కొలిన్ బయటికెళ్లాడు. ఈసారి తిరిగి రాలేదు.

2007లో రాబర్ట్ లో వచ్చాడు. అమెరికాలోని టెక్సస్ మనిషి, సాలిట్యూడ్ ఈటర్నస్ అనే డూమ్ బృందం గాయకుడు. క్యాండిల్‌మాస్ రికార్డులు విని పెరిగిన తరం వాళ్లలో ఒకడు, ఇప్పుడు అదే బృందానికి గొంతు అయ్యాడు. ‘కింగ్ ఆఫ్ ద గ్రే ఐలాండ్స్’, ‘డెత్ మ్యాజిక్ డూమ్’ రెండూ బరువైన ఆల్బమ్‌లు. మార్కొలిన్‌లా వేదికంతా ఆక్రమించే మనిషి కాడు గానీ, రికార్డు మీద అతని గొంతులోని నలుపు ఈ పాటలకు బాగా నప్పింది. 2012లో ‘సామ్స్ ఫర్ ద డెడ్’ వచ్చింది. ఇదే తమ చివరి స్టూడియో ఆల్బమ్ అని బృందం ముందే ప్రకటించింది. విడుదలకు కొద్ది రోజుల ముందు, వేదిక మీద ప్రదర్శనల పట్ల అసంతృప్తితో రాబర్ట్ లోను పంపించేశారు. ఆల్బమ్‌లో పాడిన మనిషి లేకుండానే ఆల్బమ్ దుకాణాలకు చేరింది.

ఖాళీ అయిన చోటుకు వచ్చింది ఆ మాట్స్ లెవేనే. ఇదే కాలంలో ఎడ్లింగ్ ఆరోగ్యం దెబ్బతింది. విడవని తీవ్ర అలసటతో కచేరీలకు దూరమయ్యాడు. బృందం ఊళ్లు తిరుగుతుంటే దాన్ని పుట్టించిన మనిషి ఇంట్లో ఉండిపోయాడు, కొన్నేళ్లపాటు వేదిక మీద అతని చోట వేరేవాళ్లు బేస్ వాయించారు. అయినా రాయడం ఆపలేదు. అవతారియం అనే కొత్త బృందానికి పాటలు కట్టాడు. చివరి ఆల్బమ్ అయిపోయిందన్న మాటకు కట్టుబడినట్టే క్యాండిల్‌మాస్ పూర్తి ఆల్బమ్ జోలికి పోకుండా 2016లో ‘డెత్ దై లవర్’, 2018లో ‘హౌస్ ఆఫ్ డూమ్’ అనే చిన్న రికార్డులు తెచ్చింది. రెండోది ఒక ఆన్‌లైన్ స్లాట్ గేమ్ కోసం చేసిన సంగీతం. పొట్టకూటికి ఏ దారి దొరికితే ఆ దారి పట్టే సంగీతకారుల లోకంలో ఇది తప్పుపట్టాల్సిన విషయమేమీ కాదు.

2018 సెప్టెంబరులో వచ్చిన ప్రకటన అభిమానుల్ని ఉలిక్కిపడేలా చేసింది. లెవేన్ వెళ్తున్నాడు. అతని స్థానంలో జోహన్ లెంగ్‌క్విస్ట్ వస్తున్నాడు. 1986లో ఒక్క ఆల్బమ్‌కు పాడి వెళ్లిపోయిన అదే మనిషి, ఈసారి శాశ్వత సభ్యుడిగా. మధ్యలో 2011లో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో జరిగే రోడ్‌బర్న్ ఉత్సవంలో తొలి ఆల్బమ్ మొత్తాన్ని అతను బృందంతో కలిసి పాడాడు. ఆ రికార్డింగు వింటే గొంతులో పట్టు ఏమీ సడలలేదని తెలుస్తుంది. ఆరేళ్లు కష్టకాలంలో బృందాన్ని వేదికల మీద మోసిన లెవేన్‌ను ఇలా పక్కకు తప్పించడం కటువైన నిర్ణయం. సంగీతపరంగా మాత్రం ఎడ్లింగ్ ఊహ గురితప్పలేదు.

2019 ఫిబ్రవరి 22న ‘ద డోర్ టు డూమ్’ విడుదలైంది. ఇక పూర్తి ఆల్బమ్‌లు ఉండవన్న మాట ఏడేళ్లకు గాలికి పోయింది, అందుకు బాధపడినవారు ఎవరూ లేరు. అందులో ‘ఆస్టరోలస్ – ద గ్రేట్ ఆక్టోపస్’ అనే పాటలో గిటారు సోలో వాయించింది టోనీ అయోమీ. బ్లాక్ సబాత్ పాటలు విని బేస్ పట్టుకున్న ఎడ్లింగ్ రాసిన పాటలో సాక్షాత్తూ సబాత్ గిటారు. అయోమీ సోలో వేగంగా పరిగెత్తదు. పాట నడకకు కట్టుబడి, ఒక్కో స్వరాన్ని సాగదీసి, చివర్న కొంచెం వంచి వదిలేస్తుంది. అతని ముద్ర వినగానే పోల్చుకోవచ్చు. ఆ పాట 2020 గ్రామీ పురస్కారాల్లో ఉత్తమ మెటల్ ప్రదర్శన విభాగానికి నామినేట్ అయింది. జనవరిలో జరిగిన వేడుకలో పురస్కారం టూల్ బృందానికి వెళ్లింది. 1986లో రికార్డు కంపెనీ వదిలేసిన బృందానికి, అప్పటి గొంతుతోనే, 34 ఏళ్లకు ఆ జాబితాలో చోటు దొరికింది.

ఈ సంగీతం మన దగ్గర ఎక్కడిదాకా వచ్చింది? దక్షిణ భారతంలో డూమ్‌కు గట్టి పునాది వేసింది బెంగళూరు. 1990ల మొదటి నుంచి డయింగ్ ఎంబ్రేస్, తర్వాత బెవార్ సీ, జిన్ అండ్ మిస్కటానిక్ లాంటి బృందాలు అక్కడివే. 2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ మైదానంలో వాయించినప్పుడు చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కుర్రకారు కదిలింది. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగినవాళ్లు అందులో ఉన్నారు. మియాపూర్ నుంచి బెంగళూరుకు బయల్దేరే ఆ స్లీపర్ బస్సుల వరుస చూస్తే ఆ ప్రయాణం ఎంత మామూలో తెలుస్తుంది. హైదరాబాద్ సొంత మెటల్ మాత్రం ఎక్కువగా వేగం వైపే మొగ్గింది. 2015లో ఇక్కడ పుట్టిన గాడ్‌లెస్ డెత్ మెటల్ బృందం, 2021లో తొలి పూర్తి ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ తెచ్చి బయటి దేశాల శ్రోతల్ని కూడా సంపాదించుకుంది. నెమ్మదిగా, నిలబెట్టి వాయించే బృందం ఈ నగరం నుంచి ఒకటి వస్తే వినాలని కోరుకునేవాళ్లకు కొరత లేదు. విళంబంలో గంటసేపు ఒక రాగాన్ని వినే ఓపిక ఈ నేలకు ఎప్పటి నుంచో ఉంది.

లెంగ్‌క్విస్ట్ ఈసారి ఉండిపోయాడు. 2022 నవంబరులో ‘స్వీట్ ఈవిల్ సన్’ వచ్చింది. గిటార్ల దగ్గర బ్యోర్క్‌మన్, జోహాన్సన్, డ్రమ్స్ మీద లిండ్, బేస్ మీద మళ్లీ ఎడ్లింగ్. మార్కొలిన్ తప్ప ‘నైట్‌ఫాల్’ నాటి మనుషులందరూ ఉన్నారు, ‘ఎపికస్’ నాటి గొంతు ఉంది. 2018కి ముందు శాశ్వత సభ్యులుగా ఈ కూర్పు ఎప్పుడూ కుదరలేదు. తొలి ఆల్బమ్ చేసినప్పుడు జోహాన్సన్, లిండ్ బృందంలో లేరు. వాళ్లు వచ్చేసరికి లెంగ్‌క్విస్ట్ లేడు.

వచ్చే భాగంలో అట్లాంటిక్ దాటుదాం. 1971లోనే పుట్టి, తొలి ఆల్బమ్ బయటికి రావడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చిన వర్జీనియా బృందం పెంటాగ్రామ్, దాని గాయకుడు బాబీ లీబ్లింగ్ కథ.